దెయ్యం కథల్లో మనకు గుర్తున్నవీ, అసలు లేనివీ

‘ది మంకీస్ పా’ చిన్నప్పుడెప్పుడో చదివినవాళ్లను కదిపి చూడండి. చివర్లో తలుపు దగ్గరికి వచ్చిన కొడుకు ఎలా ఉన్నాడని అడగండి. తడుముకోకుండా చెప్పేవాళ్లు ఉంటారు. మొహం నుజ్జునుజ్జయి ఉందని, బట్టల నిండా మట్టేనని, ఒక కాలు ఈడ్చుకుంటూ వచ్చాడని. డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ 1902లో ప్రచురించిన ఆ కథలో, మూడు కోరికలు తీర్చే ఎండిన కోతి చెయ్యిని పట్టుకుని తల్లిదండ్రులు రెండో కోరికగా వాణ్ణి బతికించమంటారు గానీ, చనిపోయిన కొడుకు మళ్లీ ఎక్కడా కనిపించడు. తలుపు తీసేసరికి ఎదురుగా మిణుకుమంటున్న వీధి దీపం, మనిషన్నవాడు లేని రోడ్డు. కథ అక్కడితో అయిపోతుంది. ఆ మొహాన్ని గీసుకున్నది మనమే, ఇన్నేళ్లుగా మోసుకు తిరుగుతున్నదీ మనమే.

భయపెట్టే కథల మాట ఎప్పుడొచ్చినా నాకు ముందుగా ఇదే తోస్తుంది. అప్పట్లో చదివినవాటిలో ఏది మిగిలింది, ఏది చెరిగిపోయింది అని లెక్క చూసుకుంటే, రచయిత పూర్తిగా చూపించినవి చాలావరకు చెరిగిపోయి ఉంటాయి. చూపించకుండా ఆపేసినవి ఉండిపోతాయి. నెత్తురు కాలవలు కట్టిన నవలల పేర్లు కూడా ఇప్పుడు నోటికి రావు. ఒక తలుపు గడియ జరిగిన చప్పుడు మాత్రం ఇంకా చెవిలోనే ఉంటుంది.

ఆ గడియ సంగతి కాస్త దగ్గరికి వెళ్లి చూడాలి, పనితనమంతా అక్కడే ఉంది. ముసలి తండ్రి మేడ మీద చీకట్లో ఉన్నాడు. భార్య ఆయన్ని విదిలించుకుని కిందికి పరుగెత్తింది. అక్కణ్ణుంచి కథ ఆయన చెవుల మీదుగానే నడుస్తుంది. ముందు గొలుసు తీసిన చప్పుడు. తర్వాత బిగుసుకుపోయిన కింది గడియ మెల్లగా ఊడిన చప్పుడు. పై గడియ అందట్లేదు, కిందికి రమ్మని ఆవిడ కేక. బయట తలుపు బాదుతూనే ఉన్నారు. కుర్చీ ఈడ్చి తలుపుకు ఆనించిన చప్పుడు. ఆయన నేల మీద మోకాళ్లతో పాకుతూ, ఎక్కడో పడిపోయిన ఆ కోతి చెయ్యి కోసం తడుముకుంటున్నాడు. పై గడియ కిర్రుమంటూ వెనక్కి జరుగుతుండగా అది చేతికి తగులుతుంది. మూడో కోరిక కోరుకుంటాడు. ఏమని కోరుకున్నాడో జేకబ్స్ రాయలేదు. బాదడం ఆగిపోతుంది.

గొలుసు, కింది గడియ, పై గడియ. తలుపుకు మూడు అంచెలు పెట్టడంలో ఒక లెక్క ఉంది. ఒక్కొక్కటీ ఊడుతుంటే ఇంకెంత వ్యవధి మిగిలిందో చదివేవాడికి తెలిసిపోతుంటుంది. మూడోది అందకపోవడంతో ఆ వ్యవధి కాస్త సాగుతుంది, మనం ఊపిరి బిగబట్టేది ఆ సాగిన చోటే. ఒకే గడియ పెట్టి ఉంటే రెండు వాక్యాల్లో తేలిపోయేది. ఇక ఆ మొహం మన బుర్రలోకి ఎలా వచ్చిందంటే, అంతకు రెండు పేజీల ముందు తండ్రి భార్యతో ఒక మాట అంటాడు: కొడుకు శవాన్ని బట్టలు చూసి గుర్తుపట్టానని. యంత్రంలో పడి పోయినవాడు. ఆ ఒక్క మాట నాటేసి రచయిత పక్కకు తప్పుకున్నాడు. తలుపు గట్టిగా తట్టిన చప్పుడు వినబడ్డాక తల్లి అనే మాట ఇంకా ఘోరం. స్మశానం రెండు మైళ్ల దూరం కదా, ఆ సంగతే మరిచిపోయానంటుంది. అంటే కోరిక కోరిన క్షణం నుంచి తలుపు తట్టేదాకా వాడు రెండు మైళ్లు నడిచి వచ్చాడన్నమాట. ఆ నడకను వర్ణించి ఉంటే మనం దాన్ని ఎప్పుడో మరిచిపోయేవాళ్లం.

మన నాట్యశాస్త్రం భయానకాన్ని, బీభత్సాన్ని రెండు వేరు రసాలుగా పెట్టింది. ఒకదానికి భయం స్థాయీభావం, అంటే అడుగున నిలిచి ఉండే భావం, రెండోదానికి జుగుప్స. ఇంగ్లీషు గోథిక్ నవలల్లో పెద్ద పేరున్న ఆన్ రాడ్‌క్లిఫ్ కూడా దాదాపు ఇలాంటి గీతే గీసింది. ఆవిడ పోయిన మూడేళ్లకు, 1826లో అచ్చయిన వ్యాసంలో, ఒక రకం భయం మనసును విప్పుతుందని, ఇంకో రకం ముడుచుకుపోయేలా చేసి గడ్డకట్టిస్తుందని అంది. విప్పేది అస్పష్టత వల్ల వచ్చే భయం. ఇప్పుడు హారర్ పేరుతో అమ్ముడవుతున్న వాటిలో సగం పుస్తకాలు ఈ రెంటినీ కలగాపులగం చేసి, జుగుప్స ఎక్కువైతే భయం ఎక్కువవుతుందనుకుంటాయి. అలా జరగదు. జుగుప్స తొందరగా అరిగిపోయే సరుకు. మొదటి అధ్యాయంలో ఒక కన్ను పీకితే, మూడో అధ్యాయానికి రెండు పీకినా చదివేవాడు ఉలకడు. ఐదో అధ్యాయానికి అవయవాల జాబితా చదువుతున్నట్టు పేజీలు తిప్పేస్తాడు. భయానకం దీనికి పూర్తిగా ఎదురు. పేజీ పేజీకీ ఏమీ జరగకపోవడమే దాన్ని పెంచుతుంది.

బీభత్సం అసలు వద్దని కాదు. ఒక్కసారి, సరైన చోట పడితే దాని దెబ్బ వేరు. కాఫ్కా ‘రూపాంతరం’లో తండ్రి విసిరిన ఆపిల్, పురుగుగా మారిపోయిన కొడుకు వీపులో దిగబడిపోతుంది. దాన్ని ఎవరూ తియ్యరు. అలాగే కుళ్లుతుంది, చుట్టూ వాస్తుంది, పైన దుమ్ము పేరుకుంటుంది. ఆ గాయంతో వాడు నెల పైన బాధపడ్డాడని ఎంతో మామూలుగా రాశాడు. ఒళ్లు గగుర్పొడిచేది పురుగు ఆకారం చూసి కాదు. పక్క గదిలోనే ఉన్న అమ్మ, నాన్న, చెల్లెలు ఆ పండు తీసేయకపోవడం చూసి.

ఆ పురుగు ఆకారం గురించి కాఫ్కాకు ఉన్న పట్టుదల తెలుసుకోదగింది. 1915లో పుస్తకం అచ్చుకు వెళ్తున్నప్పుడు అట్ట మీద బొమ్మ వేసే చిత్రకారుడు పురుగును గీస్తాడేమోనని కంగారుపడి ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. ఆ పురుగును మాత్రం గీయకూడదు, దూరం నుంచి కూడా చూపించకూడదు అని. చివరికి అట్ట మీద వచ్చింది చేతులతో మొహం కప్పుకున్న ఒక మనిషి, వెనకాల కాస్త తెరిచి ఉన్న తలుపు, లోపల చీకటి. తర్వాత వచ్చిన ఎన్నో ముద్రణల్లో బొద్దింక బొమ్మలు చూసి పెరిగిన మనకు, ఆ మొదటి అట్ట ఎంత న్యాయంగా ఉందో ఇప్పుడు తెలుస్తోంది. కొత్తగా కొనేవాళ్లు వీలైతే పురుగు బొమ్మ లేని ప్రతి తీసుకోండి. బొమ్మ చూశాక మీ పురుగు మీకు దొరకదు.

అదే కథలో ఇంకో సంగతి. లేవగానే తాను పురుగైపోయానని తెలిసినవాడు ముందుగా దేని గురించి దిగులుపడతాడు? రైలు తప్పిపోయినందుకు. నాలుగింటికి అలారం పెట్టుకున్నాడు, గడియారం ఆరున్నర చూపిస్తోంది, ఐదింటి బండి వెళ్లిపోయింది, ఏడింటి బండి అందాలంటే ఉరకాలి, గుడ్డల నమూనాలు ఇంకా సర్దుకోలేదు. ఈ వేళల లెక్క చూసి నవ్వు వస్తుంది. ఆ నవ్వు తెచ్చిన చనువుతోనే కథ మనల్ని లోపలికి లాగేస్తుంది. జరిగిన ఘోరానికి తగ్గ గొంతుతో కథ చెప్పకపోవడం కలతపెట్టే సాహిత్యంలో చాలా పాత పద్ధతి. ఘోరం ఎంత పెద్దదైతే గొంతు అంత మామూలుగా ఉండాలి. కొత్తగా రాసేవాళ్లు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ‘భయంకరమైన’, ‘వికృతమైన’, ‘ఒళ్లు జలదరించే’ లాంటి విశేషణాలు వేసి, చదివేవాడు పడాల్సిన భయాన్ని తామే పడేస్తారు.

షిర్లీ జాక్సన్ ‘ది లాటరీ’లో ఇలాంటి విశేషణం కోసం వెతికితే దొరకదు. 1948 జూన్ 26 నాటి న్యూయార్కర్ సంచికలో వచ్చిన కథ ఇది. నాలుగు వేల పదాలకు మించదు. ఎండ కాస్తున్న వేసవి ఉదయం, పచ్చగడ్డి, ఊళ్లో మూడొందల మంది, మధ్యాహ్నం భోజనానికి ఇళ్లకు చేరేలోగా ముగిసే కార్యక్రమం. మొదటిసారి చదివినప్పుడు చివరి పేజీ నెత్తిన పడుతుంది. రెండోసారి చదివితే తెలుస్తుంది, రెండో పేరాలోనే పిల్లలు నున్నటి గుండ్రటి రాళ్లు ఏరుకుని జేబుల్లో నింపుకుంటున్నారు. ఏదీ దాచలేదు. కళ్ల ముందే పెట్టింది, పిల్లలాటలే కదా అని మనమే దాటుకుంటూ వెళ్లిపోయాం. కట్టెలు చీలిన పాత నల్లపెట్టె, దాన్ని ఆనించడానికి మూడు కాళ్ల పీట, బొగ్గు వ్యాపారి తన ఆఫీసులో ముందురోజు రాత్రి పెన్సిల్‌తో దిద్ది పెట్టిన నల్లచుక్క. ఇంత తూకంగా వస్తువుల్ని అమర్చిన కథ ఇంకోటి చెప్పమంటే నేను చప్పున చెప్పలేను. చివర్లో ఎవరో చిన్న డేవీ చేతిలో కూడా నాలుగు గులకరాళ్లు పెడతారు. నల్లచుక్క చీటీ వచ్చినందుకు ఊరంతా కలిసి రాళ్లతో కొట్టబోతున్న ఆవిడ కొడుకే వాడు. నా మటుకు కథ మొత్తంలో అన్నిటికన్నా భరించలేని వాక్యం అది. ఎవరిచ్చారో పేరు లేకపోవడం వల్ల ఆ చెయ్యి ఊరందరిదీ అయింది.

ఆ వేసవిలో తనకు మూడొందలకు పైగా ఉత్తరాలొచ్చాయని జాక్సన్ తర్వాత చెప్పింది. అర్థం కాలేదన్నవాళ్లు, ఊహాగానాలు చేసినవాళ్లు, తిట్టినవాళ్లు. వీటన్నిటిలో ఆవిడను కలవరపెట్టింది వేరే: ఈ లాటరీలు ఎక్కడ జరుగుతాయి, వెళ్లి చూడొచ్చా అని అడిగినవాళ్లు ఉన్నారు.

ఆవిడదే 1959 నవల ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’. దీన్ని దెయ్యాల కొంప కథ అనేస్తారు గానీ, ఇందులో మనసులో ఉండిపోయేది ఇంటి కొలత. తలుపులు వాటంతటవే మూసుకుంటుంటాయి. ఎందుకో లోపలున్న పరిశోధకుడు వివరంగానే చెబుతాడు. ఆ ఇల్లు కట్టించినవాడు ప్రతి మూలనూ సరైన కోణానికి పిసరంత తప్పించి కట్టాడు, ఆ తప్పులన్నీ కూడి ఇల్లంతా ఓరగా ఉంది, అందుకే తలుపు నిలవదు. సాధారణంగా కారణం చెప్పగానే భయం పోవాలి. ఇక్కడ కారణం విన్నాక ఇంకా పెరుగుతుంది. దెయ్యమైతే ఎప్పుడో ఒకసారి వస్తుంది. నేల ఓరగా ఉంటే వేసే ప్రతి అడుగూ అనుమానమే. వివరణ ఇవ్వక తప్పని చోట ఎలా ఇవ్వాలో నేర్చుకోవాలంటే ఈ పేజీలు చూడాలి. ఒక చిన్న ప్రశ్న తీర్చి దాని వెనకాల పెద్ద ప్రశ్న వదిలిపెట్టాలి.

అందులోనే చీకట్లో పక్కామె చెయ్యి పట్టుకున్న ఘట్టం ఉంది. కథానాయిక ఎలెనార్ భయంతో ఆ చెయ్యిని ఎముకలు తెలిసేంత గట్టిగా పట్టుకుని ఉంటుంది. దీపం వెలుగుతుంది. పక్కామె గదిలో అవతలి మంచం మీద అప్పుడే నిద్ర లేస్తోంది. మరి ఇంతసేపూ పట్టుకున్నది ఎవరి చేతిని? ఆ ప్రశ్న అడిగి అధ్యాయంలో ఆ భాగాన్ని ఆపేసింది. ఆ తర్వాత దాని మీద చర్చ లేదు, పరిశోధన లేదు.

కథ చెప్పేవాళ్లను నమ్మవచ్చా లేదా అన్నది ఇంకో పెద్ద గది. ఇందులోకి వెళ్లడానికి మంచి దారి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో ప్రచురించిన ‘ది యెల్లో వాల్‌పేపర్’. బిడ్డను కన్న తర్వాత దిగులులో పడ్డ ఒకావిడ డైరీ అది. భర్త డాక్టరు. విశ్రాంతి తీసుకో, రాయకు, ఆలోచించకు అంటాడు. గిల్మన్‌కు స్వయంగా 1887లో వియర్ మిచెల్ అనే ప్రసిద్ధ వైద్యుడు ఇలాంటి ‘విశ్రాంతి చికిత్స’ చేశాడు, దాని మీద కోపమే ఈ కథగా మారింది. కథలో ఆవిడను మేడ మీద గదిలో ఉంచుతారు. కిటికీలకు ఊచలు, గోడలకు ఇనుప రింగులు, నేలకు మేకులు కొట్టి బిగించిన బరువైన మంచం. ఇదివరకు పిల్లల గది అయ్యుంటుంది, ఆటలకూ కసరత్తుకూ వాడుకుని ఉంటారు అని ఆవిడ అనుకుంటుంది. మనమూ మొదటిసారి అలాగే అనుకుని ముందుకు పోతాం.

మళ్లీ చదివేటప్పుడు ఆ వస్తువుల్ని మాత్రమే వెంబడించండి. ఊచలు, రింగులు, మంచం. గోడ కాగితం ఎక్కడెక్కడ చిరిగి ఉంది? మంచం తల చుట్టూ, చెయ్యి చాపితే అందినంత మేర. గోడ వెంబడి కింద, నేలకు దగ్గరగా గదంతా చుట్టి వచ్చే ఒక పొడుగాటి చార ఉంటుంది, ఏదో పదేపదే రాసుకున్నట్టు. మంచం కోళ్లు కొరికి ఉన్నాయంటుంది ఆవిడ, పిల్లల పనేనన్నట్టు. కొద్ది పేరాలకే కోపమొచ్చి మంచం మూల ఒక ముక్క కొరికానని, పళ్లు నొప్పెట్టాయని తనే రాస్తుంది. ఆ చార ఎత్తు, చివర్లో ఆవిడ పాకుతున్నప్పుడు భుజం ఎత్తు ఒకటే. ఈ ఆనవాళ్లు ఇంతకుముందు ఇక్కడ బంధించిన వేరెవరివో, లేక రోజులు గుర్తులేని ఈవిడవేనో కథ చెప్పదు. ఎటు తీసుకున్నా ఆధారాలు సరిపోతాయి. అలా సరిపోయేలా కొలిచి పెట్టడమే ఆ కథలో గొప్ప. చేతిలో పెన్సిల్ ఉంటే అరవై నిమిషాల్లో ఈ పని అయిపోతుంది, అంత చిన్న కథ.

పెన్సిల్ ఇంకా ఎక్కువగా పనికొచ్చేది హెన్రీ జేమ్స్ ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’కు. ఇది 1898లో వచ్చింది. పల్లెటూరి బంగ్లాలో ఇద్దరు పిల్లలు, వాళ్లను చూసుకోవడానికి వచ్చిన పంతులమ్మ, ఆవిడకు కనిపించే రెండు దెయ్యాలు. అంచున గీత పెట్టుకుంటూ వెళ్లండి: దెయ్యం కనిపించిన ప్రతిసారీ పక్కన ఎవరున్నారు, వాళ్లూ చూశామన్నారా? చూశామన్నవాళ్లు ఒక్కరూ తేలరు. సరస్సు ఒడ్డున, ఇంటి పనులు చూసే పెద్దావిడ పక్కనే నిలబడి కూడా నాకేమీ కనబడట్లేదనే అంటుంది. విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ 1934లో ఇదే పట్టుకుని, దెయ్యాలన్నీ పంతులమ్మ మనసులోవేనని వాదించాడు. అప్పట్నుంచి తెగని వాదన అది. ఏదో ఒక పక్షం తీసుకున్న మరుక్షణం ఈ నవలిక చిన్నదైపోతుందని నా నమ్మకం. రెండు పక్షాల బరువూ మొయ్యడానికి చేసిన నిర్మాణం ఇది. జేమ్స్ తర్వాత రాసిన ముందుమాటలో తన కిటుకు దాచుకోలేదు. చెడును తాను వర్ణించనని, చదివేవాడి చేతే ఊహింపజేస్తే బలహీనమైన వివరాల బెడద తప్పుతుందని చెప్పాడు.

పెద్ద నవలల దగ్గర జ్ఞాపకం ఇంకో రకంగా మోసం చేస్తుంది. మేరీ షెల్లీ 1818 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్’ అనగానే మెడకు బోల్టులున్న మూగ రాక్షసుడు కళ్ల ముందుకొస్తాడు. నవలలో బోల్టులు లేవు. ఆ ప్రాణికి పేరే లేదు, ఫ్రాంకెన్‌స్టైన్ దాన్ని చేసినవాడి పేరు. పైగా అది మూగది కాదు, మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ చదివి దాని గురించి అనర్గళంగా మాట్లాడుతుంది. దానికి ప్రాణం ఎలా పోశాడన్నది ఫ్రాంకెన్‌స్టైన్ కావాలనే చెప్పడు, విన్నవాడు మళ్లీ ఆ పని చేస్తాడేమోనని. 1897 ‘డ్రాకులా’ కూడా అంతే. నవలలో అతను పగటి పూట వీధిలో తిరుగుతాడు, శక్తి తగ్గుతుంది అంతే. ఎండ తగిలి చావడం 1922 నాటి ‘నోస్ఫెరాటు’ సినిమా పుణ్యం. చివర్లో అతన్ని చంపినవి కత్తులు, చెక్క మేకు కాదు. సినిమాలు పోసిన రంగు తీసేసి మూలం చదివితే, రెండు నవలలూ మనం అనుకున్నదానికన్నా చాలా దుఃఖంగా ఉంటాయి. ముఖ్యంగా మొదటిది.

అందుకే పాత పుస్తకం మళ్లీ తెరిచేముందు ఒక చిన్న పని చేసి చూడమంటాను. ఒక కాగితం మీద ఆ కథలో గుర్తున్నవి రాయండి. ఐదారు వాక్యాలు చాలు: మొదటి దృశ్యం, చివరి దృశ్యం, అన్నిటికన్నా భయపెట్టిన చోటు, అక్కడ ఏం కనబడింది, ఏం వినబడింది. వెతుక్కోకుండా, ఎవర్నీ అడక్కుండా రాయాలి. తర్వాత చదివి రెండూ పక్కపక్కన పెట్టుకోండి. తేడాలు మూడు రకాలుగా తేలతాయి. కొన్ని సినిమా నుంచో అట్ట మీద బొమ్మ నుంచో వచ్చి చేరినవి. కొన్ని వేరే కథవి, దీంట్లో కలిసిపోయినవి. మిగిలినవి ఎక్కడివీ కావు, మీరు కల్పించుకున్నవి. ఈ మూడో రకం ఎక్కడ పడిందో ఆ పేజీ తీసి చూస్తే, రచయిత సరిగ్గా అక్కడే ఒక వాక్యం తక్కువ రాసి ఉంటాడు. రాయడం నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

చదివే పద్ధతిలో కూడా కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. కథను ఒక్క కూర్చున్న వేళలో చదివెయ్యాలని ఎడ్గార్ అలన్ పో 1842లోనే రాశాడు, అరగంట నుంచి గంటా రెండు గంటలు పట్టేలా ఉండాలని. మధ్యలో లేచి ఫోను మాట్లాడి వస్తే పోగుపడిన కలత అంతా జారిపోతుంది, మళ్లీ పోగవ్వదు. నవలకు ఇది కుదరదు కాబట్టి, అధ్యాయం చివర్లో కాకుండా మధ్యలో ఎక్కడో ఆపడం మేలు. అధ్యాయం చివరి కుదుపు రాత్రంతా మనతో ఉండి మర్నాటికి ఆరిపోతుంది, మధ్యలో ఆపితే మర్నాడు ఆ వేడి అలాగే ఉంటుంది. పాత నవలల కొత్త ముద్రణల్లో ముందుమాట రాసిన ప్రొఫెసర్లు ముగింపు చెప్పేస్తుంటారు, అది చివర్లో చదవండి. అట్ట వెనక రాతలూ అంతే. వరసగా నాలుగైదు హారర్ పుస్తకాలు చదవకండి. రెండోదానికే మనసు కాపలా కాయడం మొదలుపెడుతుంది, నాలుగోది ఎంత మంచిదైనా చప్పగా తగులుతుంది. ఇంట్లో చావు జరిగినప్పుడు, నిద్ర సరిగ్గా పట్టని రోజుల్లో అయితే అసలు ముట్టుకోవద్దు. పుస్తకం ఎక్కడికీ పోదు. సగంలో మూసేసినా పరువు పోదు.

ఈ మధ్య నవలల్లో నన్ను విసిగించేది చివరి వివరణ. మూడొందల పేజీలు ఇంట్లో ఏదో ఉందని నడిపించి, ఆఖరి ఇరవై పేజీల్లో ఒక పాత డైరీ దొరుకుతుంది. అందులో అంతా ఉంటుంది: ఎవరిని ఎప్పుడు చంపారు, ఎందుకు తిరుగుతోంది, ఏం చేస్తే పోతుంది. భయం అక్కడితో గుమాస్తా పని అయిపోతుంది. ఇంకో రకం, అంతా నాయకురాలి పిచ్చి అని తేల్చేవి. ‘టర్న్ ఆఫ్ ది స్క్రూ’ ఎంతో కష్టపడి తెరిచి ఉంచిన తలుపును ఇవి ధడాలున మూసేస్తాయి. మానసిక వ్యాధి ఉన్నవాళ్లకూ అది అన్యాయమే.

హారర్ వేరు, సాహిత్యం వేరు అని గీత గీసేవాళ్లకు నేను రెండు పుస్తకాలు చూపిస్తాను. హాన్ కాంగ్ 2007లో కొరియన్‌లో రాసిన ‘ది వెజిటేరియన్’ ఒకటి. ఒకావిడ కల వచ్చి మాంసం మానేస్తుంది. కథ మూడు భాగాలు. మొదటిది భర్త చెబుతాడు, రెండోది బావగారి వైపు నుంచి, మూడోది అక్క వైపు నుంచి. ఆవిడ సొంత గొంతు కలల ముక్కల్లో తప్ప వినబడదు. పుస్తకం మూసేశాక ఊపిరాడనట్టు ఉండడానికి కారణం ఆ అమరికే. ఎవరికి జరుగుతోందో వాళ్లను తప్ప అందర్నీ విన్నాం. మొదటి భాగంలో భర్త గొంతు ఎంత మామూలుగా, ఎంత విసుగ్గా ఉంటుందో గమనించండి, నెత్తురు చిందే ఘట్టాలకన్నా అది నన్ను ఎక్కువ భయపెట్టింది.

రెండోది టోనీ మారిసన్ ‘బిలవెడ్’, 1987. దెయ్యం కథే, దాపరికం లేదు. మొదటి పేజీ నుంచీ ఇంట్లో పసిబిడ్డ దెయ్యం ఉంది. బానిసత్వం నుంచి పారిపోయి, మళ్లీ పట్టుబడే క్షణంలో కన్నబిడ్డను చంపుకున్న మార్గరెట్ గార్నర్ అనే తల్లి సంగతి 1856లో జరిగిన నిజం, నవలకు బీజం అది. ఇందులో దెయ్యం ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు. ఇంత జరిగాక దెయ్యం రాకుండా ఎలా ఉంటుంది అనిపిస్తుంది. బిడ్డ సమాధి రాయి మీద ‘Beloved’ అని ఏడు ఇంగ్లీషు అక్షరాలు చెక్కించడానికి, నవలలోని తల్లి సేత్ డబ్బు లేక చెక్కేవాడికి పది నిమిషాలు తన శరీరాన్ని ఇచ్చింది. ఇంకో పది నిమిషాలిచ్చి ఉంటే ఇంకో మాట కూడా చెక్కేవాడేమో అని తర్వాత ఆలోచిస్తుంది. ఏ రాక్షసుడి వర్ణనా ఈ లెక్కకు సాటి రాదు.

మొదటిసారి చదివేవాళ్లకు ఒక మాట. ‘బిలవెడ్’లో కాలం ముందుకూ వెనక్కూ పోతుంటుంది, కాబట్టి రెండు సంవత్సరాలు ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి: కథ నడుస్తున్నది 1873లో, పారిపోయి వచ్చిందీ ఘోరం జరిగిందీ అంతకు పద్దెనిమిదేళ్ల కింద, 1855లో. మొదటి యాభై పేజీలు ఎవరు ఎవరో తెలియక ఇబ్బంది పెడతాయి, ఓర్చుకోవాలి. ఇంటి నంబరు 124. సేత్‌కు నలుగురు పిల్లలు, పోయింది మూడోది. నంబరులో ఒకటి, రెండు, నాలుగు ఉన్నాయి, మూడు లేదు. మారిసన్ దీన్ని ఎక్కడా విప్పి చెప్పదు. నవల మొదలయ్యేదే ఆ అంకెతో.